రేత్రి పొయ్యి ముట్టించినారా?

తడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆనగానే సుయ్‌మని ఆవిరి లేస్తుంది. దానికో వాసన ఉంటుంది, సగం బట్టది, సగం మాడబోతున్నదానిది. ఈ రోజు పొద్దున్న అది ముక్కుకు తగలగానే నాలో నేనే నవ్వుకున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి, "మళ్లీ గుర్తొచ్చిందా?" అంది. ఏం గుర్తొచ్చిందని అడగలేదు. మా ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే గాసమ్మత్త వచ్చినట్లే.

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. కూలి పని కోసం అడ్డాకు ఇస్త్రీ చొక్కా, పాలిష్ పట్టించిన బూట్లు వేసుకుని వెళ్లినవాడు అరకులో నాకు ముందు లేడు, నా తరవాతా రాలేదు. చొక్కా ప్యాంటులోకి దోపి బెల్టు కూడా పెట్టాను. ఎవరైనా పెద్దమనిషి కారులో పోతూ చూసి, అయ్యో, ఈ అబ్బాయి ఇక్కడ ఉండాల్సినవాడు కాదే అనుకుని, పిలిచి కుర్చీ వేస్తాడని నా లోపలి ఆశ. కుర్చీ సంగతి అటుంచి, అడ్డాలో నేను అందరికీ అడ్డం నిలబడ్డాను.

మా నాన్న మైదానం నుంచి కొండెక్కి వచ్చి బజారులో చిన్న బట్టల కొట్టు పెట్టారు. ఆయన పోయాక కొట్టూ పోయింది. అమ్మ అద్దెగదిలో కుట్టుమిషన్ ముందు కూర్చుంది. నా దగ్గర ఒక డిగ్రీ ఉంది. జనవరి తెల్లవారుజామున మా ఊరి చలికీ ఇంచుమించు అన్నే ఉంటాయి. రెంటిలో ఏదీ పొట్ట నింపదు. బయటినుంచి వచ్చేవాళ్లకు అరకంటే మంచు, కాఫీ, వెదురు బొంగులో కాల్చిన కోడి. వాళ్లు దిగే లాడ్జీల వెనక సందుల్లో మా రేకుల గదులు. కొండమీది చెక్క భూమి చాలక దిగివచ్చినవాళ్లు, మైదానంలో నిలవలేక ఎక్కివచ్చినవాళ్లు, అందరం ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టేవాళ్లం. సీజన్లో ఊళ్లో గది దొరకదు. సీజన్ దాటితే పని దొరకదు.

రైల్వే గేటు పక్కన, పెద్ద కాఫీ కప్పు బొమ్మ ఉన్న హోర్డింగ్ కింద అడ్డా. నేను వెళ్లేసరికి ఇంకా చీకటి విడలేదు. మంచులో మనుషులు కనిపించలేదు, వరసలుగా దుప్పట్లు కనిపించాయి. లారీ దించిన బస్తాల్లా అందరూ నెత్తిమీదుగా ముసుగు కప్పుకుని నేలమీద కూర్చున్నారు. నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక దుప్పటి కదిలి, అందులోంచి ముక్కుకు రెండువైపులా పుడకలున్న ఒక సన్నటి మొహం బయటికొచ్చింది.

"ఏటి బాబూ, ఆపీసుకేటి? ఆపీసులు అటేపు. ఇటు కూలోళ్లం."

"నేనూ పనికే వచ్చానండీ."

దుప్పట్లన్నీ ఒక్కసారి నవ్వాయి. ఆవిడ మాత్రం నవ్వకుండా నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అయితే కూకో. నువ్వలగ నిలబడితే నీ ఇస్త్రీ సూసి మాకు సలేత్తంది."

ఆ రోజునుంచి అడ్డాలో నా పేరు ఇస్త్రీ గుంటడు. ఆవిడ పేరు గాసమ్మ. ఎక్కడో పై కొండల్లోని ఊరి నుంచి, మొగుడు పోయాక ఒంటరిగా దిగివచ్చి, కాఫీ గోదాముల్లో మూటలు మోసి మోసి మెడ కాస్త ముందుకు వంగిన మనిషి. ఆవిడ మేస్త్రీ కాదు, నాయకురాలూ కాదు. ఎవరూ ఆవిడకు ఏ పదవీ ఇవ్వలేదు. కానీ లారీలు రాకముందే ఆవిడ లేచి వరసల మధ్య నడిచేది. నడుస్తూ, "నాను ముట్టించినాను" అని ముందు తన సంగతి చెప్పేసేది. తరవాత ఒక్కొక్క దుప్పటి దగ్గరా ఆగి ఒకటే మాట అడిగేది. "రేత్రి పొయ్యి ముట్టించినారా?"

ముట్టించలేదన్నవాళ్లు ముందు వరసలోకి. ముట్టించామన్నవాళ్లు వెనక్కి. ఎవరు పనికి పిలిచినా ముందు వరసనుంచే లేవాలి. అన్నీ అయ్యాక ఆవిడ అందరికంటే వెనక వరసలో, చివర కూర్చునేది. నేను అప్పటిదాకా వరస అంటే తోసుకోవడమే అనుకున్నాను, రేషన్ దగ్గరైనా, బస్సు దగ్గరైనా. ఇక్కడ ఆకలితో ఉన్న మనుషులు, తమకంటే ఆకలితో ఉన్నవాళ్లకు చోటిచ్చి, కూర్చున్నచోటినుంచే వెనక్కి జరిగేవాళ్లు. చప్పుడుండేది కాదు. నేలమీద దుప్పట్లు రాసుకున్న చిన్న గరగర, అంతే. ఆ గరగర మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. చలికే అనుకున్నాను. చలికాలం పోయాక కూడా జలదరిస్తుంటే అప్పుడు అర్థమైంది.

నా దగ్గరికి వచ్చి అడిగినప్పుడు, "ముట్టించామండీ" అన్నాను. ముందురోజు రాత్రి మా అమ్మ ఆకలి లేదని చెప్పి, చెంబెడు నీళ్లు తాగి పడుకుంది. ఆ మాట పదిమందిలో చెప్పడానికి బట్టలకొట్టు వారి అబ్బాయికి నోరు రాలేదు. మర్నాడూ ముట్టించామన్నాను. ఆ మర్నాడూ అంతే. రోజూ వెనక వరసలో కూర్చుని, మడత నలగని చొక్కాతో ఇంటికి తిరిగొచ్చాను. ఇస్త్రీ నిలిచింది గానీ ఇల్లు నిలిచేలా లేదు. ఇంటాయన నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు.

ఒకరోజు ఉక్రోషంతో ఆవిణ్ణే అడిగాను. "అత్తా, పని దొరుకుతుందని ఎవరైనా ముట్టించలేదని అబద్ధం చెబితే?"

ఆవిడ బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంది. "రేత్రి మా ఇంట పొయ్యి ముట్టించనేదని ఇంతమందిలో సెప్పుకోడం సులువనుకున్నావేటి? అబద్దానిక్కూడా ఎవలూ సెప్పరు గుంటడా. అబద్దం వొత్తే ఇంకో పక్కనుంచి వొత్తాది." అని ఆగి, నా బెల్టు వంక చూసి, "మొకం ఇస్త్రీ సేసుకున్నోళ్ల కాణ్ణుంచి" అంది.

మర్నాడు ఆవిడ నా ముందు ఆగినప్పుడు, "ముట్టించలేదు" అన్నాను. నూనె లేని కుట్టుమిషన్ లాగా వచ్చింది గొంతు. ఆవిడ నా మొహం వంక చూడనుకూడా లేదు. "ముందుకు రా" అని పక్క దుప్పటి దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేలమీద గరగర వినిపించింది. ఈసారి అది నాకోసం. ఆ రోజు క్యాబేజీ మూటలు మోశాను. చొక్కా చిరిగింది. ఇంటికి వెళ్లేసరికి అమ్మ చిరుగు చూసి ఏడ్చింది, బియ్యం చూసి ఊరుకుంది.

ఆ ఏడాదే వేసవి రాకముందు కింద పట్నం నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. కొత్త రిసార్టు కడుతున్నాడు, వానాకాలం దాటేవరకూ రోజూ పని ఉంటుంది. ఇరవై మంది కుర్రాళ్లు కావాలి, రోజూ ఆ ఇరవై మందే రావాలి, ముసలివాళ్లు, ఆడవాళ్లు వద్దు. పొద్దున్నే వచ్చి తానే ఏరుకుంటానని సాయంత్రం చెప్పి వెళ్లాడు. వానల్లో మాకు పని దొరకదు. ఉన్న ఆ ఒక్క పనీ గట్టివాళ్ల చేతికే పోతే మిగిలినవాళ్ల పొయ్యిల సంగతేమిటో అందరికీ తెలుసు. గాసమ్మత్త ఎక్కువ మాట్లాడలేదు. "రేపు ఎవలూ నెగొద్దు, కూకున్నోళ్లు కూకునే ఉండాల. ముసుగు తియ్యొద్దు. ఆడికి ఇరవై మందే కావాలి కదా, ఇరవై మందినే పంపుదుం. ఎవలన్నది మనం సెప్పుదుం."

ఆ తెల్లవారుజామున మంచు ఎంత చిక్కగా ఉందంటే గేటు దగ్గరి ఎర్రదీపం బొట్టుబిళ్లంత కనిపించింది. కాంట్రాక్టరు జీపు దిగాడు. వెనకే సిమెంటు లారీ. ఫోను లైటు వేసుకుని వరసల మధ్య తిరిగాడు. ఎటు చూసినా దుప్పట్లు, అప్పటికి నాదీ ఒకటి. ఏ దుప్పట్లో కండ ఉందో, ఏ దుప్పట్లో దగ్గు ఉందో తెలియదు.

"లేవండయ్యా, మొహాలు చూపించండి. మీలో కుర్రాళ్లెవరు?"

"అందరం కుర్రోళ్లమే బాబూ" అంది గాసమ్మత్త ముసుగులోంచి. "సలికి ముసిలోళ్లం అయినాం."

దుప్పట్లు కిసుక్కుమన్నాయి. ఆయన ముఖం ముడుచుకుని లైటు కిందికి తిప్పాడు. అది తిన్నగా వచ్చి నా బూట్ల మీద పడింది. అడ్డా మొత్తం మీద దుప్పటి కింద తళతళ మెరుస్తున్నవి అవే మరి.

"ఏయ్ బూట్లబ్బాయ్! చదువుకున్నవాడిలా ఉన్నావు. లే. నిన్ను సూపర్‌వైజర్ని చేస్తాను. వీళ్లలో గట్టివాళ్లెవరో నువ్వే ఏరి చూపించు."

నా గుండె లేచి నిలబడింది. ఇన్నాళ్లుగా నేను ఎదురుచూసిన పెద్దమనిషి, పెద్ద పిలుపు. నెలజీతం. ఇంటాయన నోరు మూతపడుతుంది. నా పక్కన బూదు తాత ఉన్నాడు, ఒక చెయ్యి సరిగా లేవనివాడు. ఆయన ఊపిరి ఆగిపోవడం వినిపించింది. గాసమ్మత్త గొంతు మెల్లగా వచ్చింది. "ఎల్తానంటే ఎల్లు గుంటడా. అమ్మున్నాది నీకు. ఎవలూ ఏటీ అనరు."

వద్దని బతిమాలి ఉంటే బాగుండేది. ఇప్పుడు నిజం చెబుతాను. నేను లేచాను. లేవబోయాను అనాలి. అంతసేపు గొంతుక్కూర్చున్న కాళ్లు రెండూ తిమ్మిరెక్కి, దబ్బుమని మళ్లీ అక్కడే కూలబడ్డాను. అడ్డా గొల్లున నవ్వింది. "సూసినారా బాబూ, నెగనంటే నెగనంటన్నాడు మా ఇస్త్రీ గుంటడు!" అని ఎవరో అరిచారు. తిమ్మిరి ఎంతసేపు ఉంటుంది? కాసేపటికి విడిపోయింది. కాంట్రాక్టరు ఇంకా నావంకే చూస్తున్నాడు. బూదు తాత తన మంచి చేత్తో నా దుప్పటి సర్ది, బూట్లమీద కప్పాడు. నేను రెండోసారి లేవలేదు.

ఇంతలో లారీ డ్రైవరు హారన్ మోగించాడు. "సార్, మంచు విడిస్తే ఘాట్‌రోడ్డు నిండా టూరిస్టు బళ్లే. దింపిస్తే దింపించండి, లేకపోతే సిమెంటుతో సహా కిందికి పోతాను." కాంట్రాక్టరు లారీ వంకా దుప్పట్ల వంకా చూసి, "ఇరవై మంది. ఎవరైతే నాకేం, పని జరగాలి" అన్నాడు. గాసమ్మత్త లేచి, ఎప్పటిలాగే నడుస్తూ అడగడం మొదలుపెట్టింది. మొదటిరోజు వెళ్లినవాళ్లలో బూదు తాత ఉన్నాడు, కట్టిన గోడలకు నీళ్లు పట్టడానికి. అలా వంతులవారీగా ఆ వానాకాలం అందరి ఇళ్లలోనూ అప్పుడప్పుడైనా పొగ లేచింది. మా ఇంటాయన పెరటిగోడ వానకు కూలితే గాసమ్మత్త నలుగురిని పంపి ఊరికే కట్టించింది. ఖాళీ చేయమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆ పొద్దున్న లారీ దగ్గరికి నడుస్తూ ఆవిడ నా చెవిదగ్గర వంగింది. "కాళ్లు తిమ్మిరెక్కినాయి కదేటి?"

నేను తల వంచుకున్నాను.

"ఎవలితోటీ అనకు. ఎందుకు కూకున్నావో ఎవలిక్కావాల? కూకున్నావు, సాలు. రేపట్నుంచి ఆ బూట్లు ఇప్పేసి రా."

అంతకంటే పెద్ద మాట నాతో ఇంకెవరూ అనలేదు. మంచి పని చేసేముందు మంచివాణ్ణి అయి తీరాలని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆవిడ ఆ షరతు ఎత్తేసింది.

కొన్నేళ్లకు నేను మేస్త్రీనయ్యాను. ఇస్త్రీకీ మేస్త్రీకీ నడుమ ఉన్న దూరం పలకడానికి తక్కువే గానీ నడవడానికి ఎక్కువ. అప్పుడు ఆవిడే, "ఇప్పుడేసుకో ఇస్త్రీ సొక్కా. కాంటాక్టర్లు మనిసికి కాదు, సొక్కాకి దణ్ణమెడతారు" అంది. అందుకే ఇప్పటికీ పొద్దున్నే ఈ ఇస్త్రీపెట్టె. వరసల మధ్య నడవలేనంత దగ్గు పట్టుకున్నాక అడిగే పని కూడా నాకే అప్పగించింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం నేను రోజూ అడుగుతున్నాను, ఆవిడ యాసలోనే.

ఆవిడ పోయే ముందు ఏడు, ఒక తెల్లవారుజామున అమ్మ గిన్నెడు సోడి అంబలి ఇచ్చి పంపితే ఆవిడ గదికి వెళ్లాను. పొయ్యిలో పిల్లి లేవలేదని మాటవరసకు అంటాం. అక్కడ నిజంగానే పిల్లి పడుకుని ఉంది, చల్లారిన బూడిదలో, ముడుచుకుని, ఎన్నాళ్లుగానో అలవాటైన చోటన్నట్లు హాయిగా. గాసమ్మత్త గిన్నె వంక చూసి, "రేత్రి తిన్నాను కదేటి, శుబ్బరంగా తిన్నాను" అంది. గిన్నె అక్కడే పెట్టేశాను. అబద్ధం ఇంకో పక్కనుంచి వస్తుందని ఆవిడకు ఎలా తెలుసో అప్పుడు తెలిసింది. అన్నేళ్లూ రోజూ పొద్దున్నే అందరికంటే ముందు "నాను ముట్టించినాను" అని చెప్పి, ఆవిడ వెళ్లి ఆఖరున కూర్చున్నది ఆ అబద్ధం మీద. నా అబద్ధం పరువు కోసం. ఆవిడది మా అందరి కోసం. నన్ను అంత తేలిగ్గా పట్టుకున్న మనిషిని నేను ఇన్నేళ్లూ పట్టుకోలేకపోయాను.

ఆ పొద్దున్నే నా పగ తీర్చుకున్నాను.

వరసలన్నీ అడుగుతూ ఆఖరి దుప్పటి దగ్గరికి వచ్చాను. "అత్తా, రేత్రి పొయ్యి ముట్టించినావా?"

"ముట్టించినాను. బేగి ఎల్లు, లారీలొచ్చే యేల."

"అబద్ధం" అన్నాను, అందరికీ వినబడేలా. "నీ పొయ్యిలో పిల్లి పడుకుంది. ఇప్పుడే చూసి వచ్చాను."

దుప్పటి విసురుగా తెరుచుకుంది. "నోరుముయ్యి ఇస్త్రీ గుంటడా! ముసిలిదాన్ని, నాకేటి పనుంటాది?"

"రిసార్టులో మొక్కల సంచుల్లో మట్టి నింపాలి. ఎండలో కూర్చుని చేసే పని. కూకుంటే సాలు అత్తా, ఎందుకు కూకున్నావో ఎవలిక్కావాల?"

తన మాట తనకే తగిలి ఆవిడ నా వంక గుర్రుగా చూసింది. అంతలో మొదలైంది, నేలమీద గరగర. ఆఖరి వరసనుంచి మొదటి వరసదాకా దుప్పట్లన్నీ అటూ ఇటూ జరిగి దారి ఇచ్చాయి. ఆవిడ నా భుజం పట్టుకుని లేచి, నెత్తిన ఒక్కటి మొట్టి, వంగిన మెడతో ఆ దారిన నడిచింది. మంచులోంచి బూదు తాత గొంతు వచ్చింది.

"ఏటి గాసమ్మా, ఆపీసుకేటి?"

అడ్డా అంతా పగలబడి నవ్వింది. ఆవిడ వెనక్కి తిరగలేదు గానీ భుజాలు కదిలాయి. నేను ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లి, ఆఖరి వరసలో, చివర, ఆవిడ చోట కూర్చున్నాను. ఆ నేల ఇంకా వెచ్చగా ఉంది.