హెజ్రోన్ పెద్దకి మెల్లగా చెప్పడం రాదు

కోపం లేకుండా మాట్లాడటం హెజ్రోన్ ముసుక్వాకి చేతకాదు. "ఆకలేస్తోంది" అన్నా తగువు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఆఫ్రికాలోని మలావీలో, ఒక కొండకింది చర్చికి ఆయనే పెద్ద. ప్రార్థన కూడా నిలదీసినట్టే చేస్తాడు. "ప్రభువా! ఇటుకలు ఆరేదాకా వాన వద్దన్నానా? మరి ఆ మబ్బెందుకు పంపావు?" జనం ఆమెన్ అనేది భక్తితో కాదు, భయంతో అని ఆయన భార్య న్యలుంగు అంటుంది.

పైగా ప్రతి తిట్టుకీ ముందు తన ఘనకార్యాలు చదవాలి.

"ఈ చర్చికి నలభై మూడు వేల ఇటుకలు పోసినవాణ్ణి! బడి కట్టినవాణ్ణి! ఏటిమీద వంతెన వేసినవాణ్ణి!"

"వంతెన కొట్టుకుపోయింది కదయ్యా," అంటుంది న్యలుంగు.

"అది ఏటి తప్పు!"

ఆ ఏడు ఊరి ఆసుపత్రి నర్సుకి ఇల్లు కట్టాలి. ఊళ్ళో ఒక్కో కుటుంబం వంద ఇటుకలు పొయ్యాలి, ఎవరి ఇటుకమీద వాళ్ళ బొటనవేలి గుర్తు. స్కాట్లాండ్ నుంచి చర్చి సేవకి వచ్చిన ఇష్బెల్ కూడా వంద పోసి, మండుటెండలో అలాగే వదిలేసింది. మూడోనాటికి అన్నీ నెర్రెలిచ్చాయి. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు.

"నేనెందుకూ పనికిరాను తాతా. శుక్రవారం ముజూజు పట్నం బస్సెక్కి వెళ్ళిపోతాను," అంది ఆ పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

"వెళ్తావా? నలభై మూడు వేలు పోసినవాణ్ణి చెబుతున్నా, మళ్ళీ పొయ్యి! ఇవాళే!"

"ఎందుకు పగిలాయో కూడా చెప్పవయ్యా," అంది న్యలుంగు.

"అదీ నేనే చెప్పాలా? బుర్రుండక్కర్లా?" అని విసవిసా వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి న్యలుంగుకీ కోపం మొదలైంది. వంటింటి కప్పుకని కోసిపెట్టుకున్న గడ్డి రోజుకో మోపు మాయమవుతోంది. ఆమెకంటే ఆయనే ఎక్కువ ఎగిరాడు. "దొంగ దొరకనీ, చర్చిలోంచి వెలేస్తాను!"

బుధవారం మధ్యాహ్నం ఆమె ఆయనకి మొక్కజొన్నపిండి సీమా ముద్ద, ఉసిపా చేపల కూర పట్టుకుని, ఇటుకలు పోసే ఏటిగట్టుకెళ్ళింది. ఇష్బెల్ చర్చిలో పిల్లలకి పాటలు నేర్పే వేళ. గట్టుమీద హెజ్రోన్ మోకాళ్ళమీద పాకుతూ ఆ పిల్ల కొత్త ఇటుకలమీద గడ్డి కప్పి, నీళ్ళు చిలకరిస్తున్నాడు. ఇటుకల్నీ తిడుతున్నాడు. "పగిలారో, చూడండి మరి!"

"ఏమయ్యా దొంగా! నా వంటింటి కప్పు ఇక్కడ పడుకుందేం?"

"మెల్లగా అరువు! ఆ పిల్ల వచ్చేలోగా తీసేస్తాను."

"నోటితో చెబితే ఆ పిల్లే కప్పుకుంటుందిగా?"

"నేను చెబితే ఏడుస్తుంది. మెల్లగా చెప్పడం నాకెప్పుడైనా వచ్చిందా?" అని దానిక్కూడా కసిరాడు.

శుక్రవారం పొద్దున్నే బట్టీ పేర్చడానికి జనం చేరారు. ఇష్బెల్ సంచీ భుజాన వేసుకునే వచ్చింది. గట్టిదనం చూడ్డానికి హెజ్రోన్ ఒక్కొక్కరి ఇటుకా నడుమెత్తు నుంచి జారవిడిచాడు. నవ్వినవాళ్ళలో ఇద్దరివి ముక్కలయ్యాయి. ఇష్బెల్ ఇటుక ధబ్బున పడి, చెక్కు చెదరకుండా అలాగే ఉంది.

"కళ్ళు పెట్టుకు చూడండి, సిగ్గులేని జనమా! ఇదీ ఇటుకంటే!" అని ఊరు దద్దరిల్లేలా అరిచి, ఆ పిల్లవైపు తిరిగాడు. "నవ్వుతూ నిలబడ్డావేం? ఇంకో వంద పొయ్యి!"

రోడ్డుమీద బస్సు హారన్ కొట్టింది. ఇష్బెల్ సంచీ కింద పెట్టి ఇటుకల అచ్చు అందుకుంది. హారన్ ఆపని డ్రైవర్ని తిట్టడానికి హెజ్రోన్ రోడ్డెక్కాడు.

న్యలుంగు ఆ అచ్చు లాక్కుని, ఇష్బెల్ చేతిలో కొడవలి పెట్టింది.

"ముందు గడ్డి కోసుకొద్దాం, పద. పచ్చి ఇటుకకి ఎలా కప్పాలో చూపిస్తాను."

"కప్పకుండానే బాగా ఆరాయి కదమ్మా?"

"ఆరాయిలే. మా ఆయనకి మోకాళ్ళ నొప్పులు."

"ఇటుకలకీ తాత మోకాళ్ళకీ సంబంధమేమిటమ్మా?"

"నడువు, దారిలో చెబుతాను."