ప్రాక్టీసు పూజ

ఆయన్ని అందరూ బ్రదరనే పిలుస్తారు. నుదుటి మీది జుట్టు నడినెత్తికి జరిగిపోయినా, కళ్లజోడు మందం పెరిగినా, ఇంకా బ్రదరే. ఫాదర్లు కావడానికి గురువిద్యాలయంలో చదువుకునేవాళ్లకు అది మామూలు పిలుపు. గురుపట్టాభిషేకం అయిన రోజున అది పోయి ఫాదరన్న పిలుపు వస్తుంది. ఈయన దగ్గర పాఠాలు చెప్పించుకున్న కుర్రాళ్లు కూడా ఎప్పుడో ఫాదర్లైపోయారు. ఎదురుపడితే ఈయనే చేతులు జోడించి "వందనాలు ఫాదర్" అంటాడు. వాళ్లు భుజం తట్టి, "ఇంకా ఏమీ తేలలేదా బ్రదర్?" అని అడుగుతారు. తేలితే చెప్పడా? అడిగేవాళ్ల సొమ్మేం పోయింది, చెప్పీ చెప్పీ విసిగేది ఈయన ప్రాణం.

పోనీ తప్పు ఆయనదా అంటే, అదీ కాదు. ఆయన చేరింది ఒక చిన్న సన్యాస సభలో. అందులో పెద్దలకు ఒకరంటే ఒకరికి గిట్టక, తన్నుకుని తన్నుకుని, సరిగ్గా ఈయన చదువు పూర్తయ్యే వేళకి సభకే తాళం పెట్టేశారు. తత్వశాస్త్రం అయింది, వేదశాస్త్రం అయింది. ఏం లాభం? ఏదో ఒక మేత్రాసనాన్ని, అంటే ఒక ప్రాంతపు గుళ్లన్నిటినీ, ఏలే బిషప్‌గారు "ఇతను మావాడు" అని చేర్చుకోనిదే గురువు కావడం కుదరదు. సొంత మేత్రాసనానికి వెళ్తే, "మావాళ్లే ఎక్కువైపోయారు నాయనా" అన్నారు. పక్క మేత్రాసనానికి వెళ్తే, "వేరేచోట పెరిగినవాడివి, మా దగ్గర ఇమడలేవు" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూడండి, ఆ సామెత పూజ చేయబోయేవాడికే తగిలింది.

ఇక దూరదేశాల మీద పడ్డాడు. అక్కడ గుళ్లు బోలెడున్నాయి, గురువులే లేరని విన్నాడు. కనిపించిన మేత్రాసనానికల్లా అర్జీ పెట్టాడు. సగంమంది జవాబే ఇవ్వలేదు. మిగతావాళ్లు "మీకోసం ప్రార్థిస్తాం" అన్నారు. అందరూ ప్రార్థించేవాళ్లే, రమ్మనేవాడు ఒక్కడూ లేడు!

అంతదాకా తిండి తినాలి కదా. అక్కాబావలకు లాండ్రీ దుకాణం ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు. పొద్దున్నే పూజకు వెళ్లొచ్చి, చేతులు పైకి మడిచి, ఆవిరి ఇస్త్రీపెట్టె ముందు నిలబడేవాడు. హోటలు దుప్పట్లు, ఆస్పత్రి తెల్లకోట్లు, పెళ్లిసూట్లు. కాలర్ల దగ్గర మొదలుపెట్టి కఫుల దగ్గర ముగించేవాడు. మధ్యాహ్నానికి నడుం పట్టేసేది, వేళ్ల కొసలు మొద్దుబారేవి. ఒళ్లంతా గంజివాసన. అయినా పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. ఒక్కసారి తప్ప.

"ఏమోయ్ బ్రదరూ," అన్నాడు బావ ఆ రోజు ఫోన్ పెట్టేసి. "హోటలు మేనేజరు లబోదిబోమంటున్నాడు. చేతిరుమాళ్లు గ్లాసులో నిలబెట్టడానికి విసనకర్రలా మడవమంటే, నువ్వేం చేశావ్?"

బ్రదరు నాలుక కరుచుకున్నాడు. పూజలో అప్పం, అంటే పలుచని గోధుమబిళ్ల, ఉంచే పీఠవస్త్రాన్ని, దాని మీద రాలిన పొడి కూడా కింద పడకుండా, లోపలికి లోపలికి తొమ్మిది గళ్లుగా మడుస్తారు. ఏళ్లతరబడి చేసిన పని. పరధ్యానంలో హోటలు రుమాళ్లన్నీ అలాగే మడిచి పెట్టాడు.

"చేయి అలవాటు బావా. మళ్లీ మడుస్తాలే."

"భోజనానికొచ్చినవాళ్లు రుమాలు విప్పలేక దణ్ణం పెట్టి లేచిపోతున్నారట. నీ అలవాటు మండిపోనూ, నా గిరాకీని పరలోకానికి పంపేసేలా ఉన్నావ్!"

కిటికీ దగ్గర చొక్కాలకు బొత్తాలు కుట్టే అమ్మ నవ్వింది. నవ్వితే ఆయాసం వస్తుందావిడకి. గుండె బలహీనమని డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. అందుకే దుకాణం వెనక గదిలోనే మంచం వేశారు. ఆవిడకున్న కోరిక ఒక్కటే: కొడుకు పూజ చేస్తుంటే చూడాలి, కొడుకు చేత్తో సత్ప్రసాదం తీసుకోవాలి. వాడు "క్రీస్తు శరీరము" అంటే తను "ఆమెన్" అనాలి. ఈ మాట బయటికి అనడం ఎప్పుడో మానేసింది. అడిగితే జవాబు చెప్పుకోవచ్చు. అడగని అమ్మకి ఏం చెప్తాడు? ఆవిడ వైపు చూడకుండా ఇస్త్రీ చేయడం నేర్చుకున్నాడాయన.

చివరికి ఒక చలిదేశపు మేత్రాసనం నుంచి పిలుపొచ్చింది. కొత్త గురువుల్ని వెతికే పని చూసే ముసలి ఫాదరు ఒకాయన వీడియోలో మాట్లాడాడు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఎందుకు మూతపడింది మీ సభ, నీ మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా, మంచులో ఉండగలవా, ఒంటరితనం ఓర్చుకోగలవా? అడిగిందే అడిగాడు. ఈయన చెప్పిందే చెప్పాడు. ఆఖరున ఆయన, "మా భాషలో ప్రాక్టీసు పూజ ఒకటి చేసి చూపించు. అది చూసి నిర్ణయం చెప్తాం," అన్నాడు.

ప్రాక్టీసు పూజంటే ఉత్తుత్తి పూజ. అభిషేకానికి ముందు బ్రదర్లందరూ చేసేదే. చేతులెప్పుడు చాపాలి, ఎప్పుడు వంగాలి అన్నది నేర్చుకోవడానికి. మాటలన్నీ నిజమైనవే, కానీ అభిషేకం లేని చేతుల్లో అప్పం అప్పంగానే ఉంటుంది, క్రీస్తు శరీరంగా మారదు. బ్రదరు ఇలాంటివి ఎన్ని చేశాడో ఆయనకే గుర్తులేదు. పెళ్లి కుదరకుండా ఏటేటా పెళ్లిచూపులకు కూర్చున్నట్టే ఉండేది ఆయన బతుకు.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంది. ఇస్త్రీబల్ల మీద తెల్లదుప్పటి పరిచాడు. రోజూ వెళ్లే విచారణ గుడిలో అడిగి తెచ్చుకున్న అప్పం పళ్లెంలో పెట్టాడు. గాజుగ్లాసులో ద్రాక్షరసం పోసి, ఫోన్‌ను గంజిడబ్బాకి ఆనించాడు. అవతల ముసలి ఫాదరు, ఆయన పక్కన ఇంకో ఇద్దరు. పూజ సాగింది. ఒకచోట నాలుక తడబడింది. సర్దుకున్నాడు. వెనక హ్యాంగర్లకు వేలాడే సూట్లు విశ్వాసుల్లా వరసగా నిలబడి విన్నాయి.

అయిపోయాక అవతలివాళ్లు ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత ముసలి ఫాదరు కళ్లజోడు తీసి, "రా బాబూ," అన్నాడు. "మా బిషప్‌గారు నిర్ణయం ముందే నాకు వదిలేశారు. ఇక్కడ ఇంకో మూడేళ్లు చదవాలి. మధ్యలో ఇంటికి వెళ్లడం కుదరదు. అభిషేకం మా పెద్దగుడిలోనే."

ఫోన్ ఆగిపోయింది. ఇన్నేళ్లు దేనికోసం కాళ్లరిగేలా తిరిగాడో అది చేతికొచ్చింది. ఎగిరి గంతెయ్యాలి కదా! ఆయనకి మాత్రం ముందు కూర్చోవాలనిపించింది. స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

వెనకగది తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

"ఏమన్నార్రా?"

"రమ్మన్నారమ్మా."

"నాకు తెలుసు," అంది అమ్మ. మొహం విప్పారింది. "నాకు తెలుసురా, వద్దంటారా నిన్ను? మరి అభిషేకం ఎప్పుడు?"

దాచడం ఈయనకు చేతకాదు. "మూడేళ్లు పడుతుందమ్మా. అక్కడే చేస్తారు. మధ్యలో రానివ్వరు."

అమ్మ లెక్కలేం వేయలేదు. ఆ గుండె మూడేళ్లు ఆగదన్న డాక్టరు మాట ఇద్దరికీ తెలుసు. బల్ల అంచు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"వెళ్లనులే అమ్మా," అన్నాడు. అనేశాక గానీ తనేమన్నాడో తనకే తెలియలేదు.

"నోర్ముయ్! పడ్డ పాట్లు చాల్లేదా? ఈ బట్టలకి ఇస్త్రీ చేస్తూ ముసలాడివైపోతావా?" కోపం చేసేసరికి దగ్గొచ్చింది. దగ్గు ఆగాక పళ్లెం వైపు చూసింది. "అది నిజం పూజ కాదు కదా?"

"కాదమ్మా. ప్రాక్టీసు."

"సరే అయితే. ఇన్నేళ్లూ నువ్వొక్కడివే చేసుకున్నావు ప్రాక్టీసు. నాకొద్దా?"

కొంగు తల మీదికి లాక్కుంది. ఎదురుగా వచ్చి నిలబడి, ఎడమ అరచేయి కింద కుడి అరచేయి పెట్టి, చేతులు చాపింది. వేళ్ల కొసల నిండా సూది గుచ్చుకున్న మచ్చలు.

బ్రదరు లేచి అప్పం తీసుకున్నాడు. "క్రీస్తు శరీరము" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అనే అధికారం తనకి లేదు. అనకపోతే అమ్మ ఇంకెప్పుడూ వినదు. ఉత్తుత్తికైనా అమ్మతో అబద్ధం ఆడలేకపోయాడు.

"ఇది ఇంకా వట్టి అప్పమే అమ్మా," అన్నాడు.

"ఆమెన్," అంది అమ్మ.