గురక ఆగిన చోట

ముందే చెప్పేస్తున్నాను, ఆయన ఇప్పుడు నిక్షేపంలా ఉన్నాడు. చదివేవాళ్లను ఊరికే హడలగొట్టడం నాకు చేతకాదు, ఆఫీసులో ఆ పని ఎలాగూ చేస్తున్నాం.

మేం వీడియో గేములు తయారుచేస్తాం. నేను బొమ్మలు గీస్తాను. పక్క బల్ల మీద చప్పుళ్లు చేసే ఆవిణ్ణి అందరం సౌండక్క అంటాం. గేములో ఎవరి ఎముకైనా విరగాలంటే ఆవిడ ముల్లంగి విరుస్తుంది.

పోయిన ఏడాది చేసిన భయం గేములో ఒక కుక్క ఉంది. ప్రయోగశాలవాళ్లు దానికి వైరస్ ఎక్కించి, యుద్ధంలో ఆయుధంగా వాడుకుందామనుకుంటారు. అది కాస్తా దున్నపోతంత అయి వాళ్లనే మింగుతుంది. ఆకారం నాకు బాగానే కుదిరింది. గొంతే కుదరలేదు. అక్క పులి గొంతు పెట్టింది, పంది గొంతు పెట్టింది, చివరికి ఇనప కుర్చీ ఈడ్చింది. దేనికీ మా డైరెక్టరు మొహం విప్పారలేదు.

ఓ సోమవారం అక్క ఒక శబ్దం వినిపించింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

"ఏ జంతువక్కా ఇది?"

"మా ఆయన. నిన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే పట్టుకొచ్చా."

ఆయన సిటీ బస్సు డ్రైవరు. తన గురకే రాక్షసి కుక్క గొంతని తెలిసి తెగ మురిసిపోయాడట. తర్వాతి ఆదివారం తనే మంచం పక్కన మైకు సర్దుకుని పడుకున్నాడని అక్క చెప్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

రికార్డింగులో ఖాళీలు వస్తే కత్తిరించి పారేయడం ఆ పనిలో అలవాటు. అక్కా అలాగే పారేస్తూ పోయింది. బుధవారం ఉన్నట్టుండి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇటు చూడు," అంది నాతో.

తెరమీద గీత నలభై సెకన్లపాటు చదునుగా ఉంది. గురక లేదు సరే, ఊపిరి కూడా లేదు. ఆ తర్వాతే ఒక్కసారిగా ఆ భయంకరమైన గుర్రు. ఆయన ఊపిరాడక పెనుగులాడుతుంటే మేం చప్పట్లు కొట్టామన్నమాట. నాకు సిగ్గేసింది.

అక్క పారేసిన ముక్కలన్నీ వెనక్కి తెచ్చి చూసింది. గంటలో ఇరవై ఆరుసార్లు.

"సిగ్నల్ దగ్గర కళ్లు మూతలు పడుతున్నాయని మొన్నే అన్నారు. వయసులే అని నేనే కొట్టిపారేశా," అంది. ఆవిడ మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆ బస్సులో అరవైమంది ఎక్కుతారు.

సాయంత్రమే ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్లింది. "గురకకి డాక్టరేంటే, నవ్వుతారు" అని దారంతా ఆయన గోల. అక్క ఆ ఖాళీలు వినిపిస్తే డాక్టరు నవ్వలేదు. ఓ రాత్రి అక్కడే పడుకోబెట్టి పరీక్ష చేస్తే, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బని తేలిందట. నిద్రపోయేటప్పుడు ముక్కుకు పెట్టుకోవడానికి మాస్కు, దానికి గాలి పంపే చిన్న మిషను ఇచ్చి, కొన్నాళ్లు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. మూడు నెలలు ఆయన డిపోలో కూర్చుని అందరి బుర్రలూ తిన్నాడు. మళ్లీ పరీక్ష చేసి, బస్సు నడుపుకోమన్నారు. ఆ కబురు ఫోన్లో వినగానే అక్క బల్లమీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఆవిడకని మంచినీళ్లు తెచ్చి, సగం నేనే తాగేశాను.

ఇప్పుడు గేము రెండో భాగం మొదలైంది. డైరెక్టరుకి అదే గొంతు కావాలట, ఇంకా భయంకరంగా. అక్క ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మైకు పెట్టి గంట రికార్డింగు తెచ్చింది. డైరెక్టరు పది నిమిషాలు విన్నాడు.

"ఇందులో ఏముందమ్మా? మనిషి హాయిగా పడుకున్నాడంతే. పనికిరాదు, తీసెయ్యి."

"సరే సార్," అంది అక్క.

తీసెయ్యలేదు. తన బల్ల దగ్గరికొచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గంటసేపూ కదలకుండా కూర్చుని మొత్తం విన్నది.