చెల్లి బుగ్గలోపలి తెల్లమచ్చ

చెల్లి ఊరగాయ ముట్టడం లేదని ముందు గమనించింది నేనే. పండుమిరప పచ్చడి కోసం నాతో పోట్లాడే పిల్ల, పెరుగన్నాన్ని ఒక పక్కనే నములుతోంది. అడిగితే "ఏం లేదక్కా, ఆకలి లేదు" అంది.

నాన్నకు కోస్తా నుంచి హైదరాబాదు బదిలీ అయ్యాక నాంపల్లిలో ఒక పాత ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. నేను ఆబిడ్స్‌లో ఒక బడిలో టీచర్ని. చెల్లి కొత్తగా కాలేజీలో చేరింది.

వరండాలో వెలుతురుకు నిలబెట్టి నోరు తెరవమన్నాను. ఎడమ బుగ్గ లోపల గోరంత తెల్లమచ్చ. తుడిచినా పోలేదు.

"ఏం తింటున్నావే?"

ఏడుస్తూ చెప్పింది. పన్ను నొప్పికి ముందు వాటాలోని ఇంటి యజమానురాలు చిటికెడు జర్దా పొగాకు ఇచ్చిందట. నొప్పి పోయినా అలవాటు పోలేదు, రోజూ ఆమె దగ్గరికే వెళ్ళేదట. కాలేజీలో స్నేహితురాళ్ళు కూడా కిళ్ళీలో వేసుకుంటారట. సిగరెట్టయితే ఆడపిల్లని అందరూ చూస్తారు, బుగ్గన పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది అన్నారట.

నాన్నకు చెప్పకుండా అమ్మా నేనూ దవాఖానకు తీసుకెళ్ళాం. "ఇంట్లో ఇంకెవరైనా పొగాకు వాడతారా?" అన్నాడు డాక్టరు. అమ్మ తల వంచుకుంది. పొద్దున్నే ఆమె పళ్ళు తోముకునేది కాల్చిన పొగాకు పొడితోనే. అది పొగాకని మాకెప్పుడూ తోచలేదు.

"పూర్తిగా మానెయ్యాలి. నెల తర్వాత తగ్గకపోతే ముక్క కోసి పరీక్షకు పంపాలి."

ఆ నెలంతా రోజూ చెల్లి నోట్లోకి తొంగిచూడటమే నా పని. ఒకరోజు మచ్చ తగ్గినట్టుండేది, మర్నాడు పెద్దదైనట్టుండేది. బడిలో పాఠం మధ్యలో మాట ఆగిపోయేది. చెల్లి తలనొప్పితో విసుక్కునేది. "ఒక్క చిటికెడు అక్కా" అని బతిమాలేది.

పిల్ల రావట్లేదేమని యజమానురాలు వెతుక్కుంటూ వచ్చింది. కోపం ఆపుకోలేక అంతా చెప్పేశాను.

"మంచికే ఇచ్చిన బిడ్డా. నా చిన్నప్పుడు మా అవ్వ నాకు గిట్లనే ఇచ్చింది. జర నా నోరు గూడ చూడు."

నాలుక కింద పుండు ఉంది. వేలితో తాకితే అంచులు గట్టిగా ఉన్నాయి.

"నొప్పి లేదా?"

"లేదు. గందుకే ఎవ్వరికి చెప్పలే."

రెండోసారి దవాఖానకు వెళ్ళినప్పుడు ఆమెను కూడా రిక్షాలో వెంటబెట్టుకెళ్ళాం. చెల్లి మచ్చ పలచబడింది, ఇక భయం లేదన్నాడు డాక్టరు. ఆమెను మాత్రం చాలాసేపు పరీక్షించి, పెద్దకొడుకుని రమ్మన్నాడు. ఆమె మా చెల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పుండు క్యాన్సరని తేలి, ఆమె నాలుకలో కొంత తీసేశారు. బతికింది గాని మాట ముద్దగా వచ్చేది. ఇంటికొచ్చిన వారానికే తనలాగే జర్దా వేసుకునే ఇద్దరు కోడళ్ళనూ నోళ్ళు చూపించుకోమని మాతో దవాఖానకు పంపింది. చిన్నకోడలిది మా చెల్లి వయసే. నోరు తెరవనంటూ ఆ పిల్ల మెట్ల మీదే కూర్చుండిపోయింది. చెల్లి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.