కెప్టెన్ గారు చెరపమన్న గీత

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసి, కెప్టెన్ గారు పోయారని చెప్పింది. ఆయనకు ఇక్కడ నా అనేవాళ్లు లేరు, అందుకని మా నంబరు రాయించారట. అప్పటినుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో మర్చిపోతాను, మళ్లీ కిటికీ దగ్గరికే వస్తాను.

ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మాది మధ్య ఇల్లు. ఎడమవైపు ఆయన, ఓడల్లో పనిచేసి రిటైరైన గ్రీకు మనిషి. కుడివైపు టర్కీ నుంచి వచ్చిన బార్బర్. కెప్టెన్ గారు పుట్టిన ద్వీపంలో నిలబడితే ఎదురుగా టర్కీ తీరం కనిపిస్తుందట. "వాళ్ల కోడి కూస్తే మాకు తెల్లవారేది," అనేవారు. నెలకోసారి బార్బర్ పెరట్లో కుర్చీ వేసి ఆయన జుట్టు కత్తిరించేవాడు. కత్తెర ఆడినంతసేపూ ఇద్దరూ చేపల గురించీ ఫుట్‌బాల్ గురించీ వాదించుకుంటూనే ఉండేవాళ్లు.

లాక్‌డౌన్ పెట్టిన మొదటి వేసవిలో సముద్రంలో ఎవరి వాటా ఎంతనే తగువులో ఆ రెండు దేశాల ఓడలు ఎదురెదురుగా నిలబడ్డాయని టీవీలో ఒకటే గోల. ఓ సాయంత్రం నేను ఇళ్ల ముందు సుద్దముక్కతో ముగ్గు చుక్కలు పెడుతున్నాను. కెప్టెన్ గారు రెండు మీటర్ల దూరంలో నిలబడి ఓ చుక్క చూపించారు.

"ఇది మా ద్వీపం. దాని సముద్రం దానికుంటుంది."

"మా గుమ్మం ముందున్న చుక్కకి సముద్రమంతా ఇచ్చేస్తే మేం కాలెక్కడ పెట్టాలి?" అన్నాడు బార్బర్ అటునుంచి.

గొంతులు పెరిగాయి. నా చెయ్యి ఊరుకుంటుందా! "ఇద్దరికీ చెరిసగం, సరేనా?" అంటూ నిలువునా ఓ గీత గీసేశాను. అది సరిగ్గా ఆయన చుక్కని రెండుగా కోసింది. మెలికల ముగ్గులో గీత చుక్కని చుట్టుకుని వెళ్లాలి కానీ కోయకూడదని నాకు తెలియదా? బార్బర్ నవ్వాడు. నేనూ నవ్వాను.

"మా అమ్మని అక్కడే పాతిపెట్టాం," అన్నారు కెప్టెన్ గారు. లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

ఆ తర్వాత వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఆయన జుట్టు కాలరు దాటింది. పులిహోర పట్టుకుని రాయబారానికి వెళ్లాను.

"ఒక్కసారి మీరే పలకరించకూడదా అండీ?"

"ముందు నువ్వు ఆ గీత చెరుపు."

"అది వానకి ఎప్పుడో పోయింది కదా!"

"వాన చెరిపితే లెక్కలోకి రాదమ్మాయీ. గీసిన మనిషి చెరపాలి."

పెద్దాయన చాదస్తం అనుకున్నాను. చేద్దాంలే అనుకున్నాను. సుద్దముక్క నెలల తరబడి కిటికీలోనే పడుంది. నా బద్ధకాన్ని తిట్టుకోని పూట లేదిప్పుడు.

చలికాలంలో ఆయనకు దగ్గు మొదలైంది, అంబులెన్స్ వచ్చింది. ఆసుపత్రికి వెళ్లిన రెండో రోజున ఫోన్ చేశారు. "గ్రాండ్‌గా ఉన్నాను, బాగానే ఉన్నాను. జుట్టే కళ్లలో పడుతోంది. వాణ్ణి రమ్మను."

పరుగున వెళ్లి చెప్పాను. బార్బర్ కత్తెర పెట్టె పట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్లాడు. ఎవర్నీ లోపలికి రానివ్వని రోజులవి. తిరిగొచ్చి కారులోనే చాలాసేపు కూర్చున్నాడు.

నిన్న శవపేటిక కారు మా వీధిలోంచి వెళ్తుందన్నారు. అంత్యక్రియలకు జనాన్ని రానివ్వరు కాబట్టి అందరూ ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడ్డారు. నేను సుద్దముక్క తీసుకుని రోడ్డు మీద మోకాళ్లూనాను. అవే చుక్కలు పెట్టాను. అదే గీత గీశాను.

"మామ్, వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది మా అమ్మాయి కంగారుగా.

అరచేత్తో చెరపడం మొదలుపెట్టాను. తారు గరుక్కి చెయ్యి మండింది. తలెత్తి చూస్తే, గీత అటు చివర బార్బర్ కూడా మోకాళ్ల మీద ఉన్నాడు, తన చేత్తో చెరుపుకుంటూ వస్తున్నాడు. రెండు మీటర్ల సంగతి ఇద్దరికీ గుర్తులేదు. కారు వచ్చేసరికి గీత లేదు. చెరిగిన చోట ఆయన చుక్కని బార్బర్ మళ్లీ గుండ్రంగా దిద్ది, లేచి పక్కకి జరిగాడు.