నాయనమ్మ ఏరించిన తాలుకాయలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మిరపకాయలకు జరిగినంత మర్యాద మనుషులకు జరిగేది కాదు. ఈ మాట అన్నప్పుడల్లా మా వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. గుంటూరు నల్లరేగడిలో పుట్టినవాళ్ళెవరినైనా వచ్చి కాదనమనండి చూద్దాం. కల్లంలో కాయ ఆరేదాకా మబ్బు వంక చూడటం, ఆరాక ధర కోసం ఎదురుచూడటం, ఇదే మగవాళ్ళ పని. ఇప్పటిలా కోల్డ్ స్టోరేజీలు ఎక్కడివి? ధర వచ్చేదాకా ఎండుకాయ ఇంట్లోనే, మనుషుల మధ్యే రాశిగా పడి ఉండేది.

మాది మూడు గదుల పెంకుటిల్లు. ముందుగది మా నాన్నది. ఆయన పడకా, వచ్చేపోయేవాళ్ళకు బల్లా అందులో ఉండేవి. వెనకది వంటిల్లు. మధ్యలోది నడిమిల్లు. ఆడవాళ్ళూ పిల్లలూ పడుకోవడం, పురుళ్ళు జరగడం, మిరపకాయలు పోయడం అన్నీ అందులోనే. దానికి కిటికీ కూడా లేదు. కిటికీ ఉంటే చెమ్మ గాలి తగిలి కాయ మెత్తబడుతుందట.

ఆ ఏడు మా మేనత్త తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. నవ్వితే ఇల్లంతా వినపడే మనిషి. వచ్చేటప్పటికి ఎనిమిదో నెల. రాశికి రెండు మూరల దూరంలో ఆమెకు నులకమంచం వేశారు. రెండో రోజు నుంచి వాంతులు. అన్నం చూస్తే వాంతి, మజ్జిగ తాగితే వాంతి, కడుపులో ఏమీ లేనప్పుడు పసరు. తుమ్ము వచ్చినా దగ్గు వచ్చినా రెండు చేతులతో పొట్ట పట్టుకుని వంగిపోయేది. మేమంతా ఆ ఘాటులోనే పెరిగాం గనక మాకు తెలిసేది కాదు. మంచానికి అవతల కంచుగిన్నె పెట్టుకుని, తల వేలాడేసుకుని కూర్చున్న మా అత్తను చూశాకే, మా ఇంట్లో గాలి ఎలా ఉంటుందో నాకు తెలిసింది.

ఊళ్ళో ఆడవాళ్ళు చూడటానికి వచ్చి తలా ఒక మాట అని పోయారు. "వేవిళ్ళు మూడోనెల్లో చూశాం గానీ, ఎనిమిదో నెల్లో ఏందమ్మా ఈ చోద్యం?" అని ఒకావిడ. "బిడ్డకి జుట్టు దండిగా మొలుస్తున్నట్టుందే" అని ఇంకొకావిడ. మా అమ్మ నిమ్మచెక్కకు ఉప్పద్ది ఇచ్చింది. శొంఠి అరగదీసి ఇచ్చింది. గుప్పెడు పేలాలు కొంగులో కట్టి, ఒక్కొక్కటే నములుతూ ఉండమంది. మంచం తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. పెరట్లో ఉన్నంతసేపూ అవన్నీ పనిచేసేవి. పొద్దుగూకితే మాత్రం మళ్ళీ నడిమిల్లే. చూలాలు వసారాలోనో ఆరుబయటో పడుకుంటే గాలి సోకుతుందని ఆచారం. ముందుగది మగవాళ్ళది, అదొక ఆచారం. వంటింట్లో పొగ. ఇక ఆమెకు ఈ భూమ్మీద మిగిలిన చోటు ఆ మంచం ఒక్కటే.

మంత్రసాని వచ్చి చెయ్యి పట్టుకు చూసి, మా నాయనమ్మను పక్కకు పిలిచి చెప్పింది. నేను స్తంభం వెనకే ఉన్నాను. "పిల్ల మరీ నీరసపడిపోయిందమ్మా. ఇట్టాగే ఉంటే నొప్పులొచ్చిననాడు ముక్కే ఓపిక ఉండదు. అప్పుడు నన్ననబాకండి."

అత్త తానే అడిగింది మా నాన్నను. "అన్నయ్యా, ఊపిరాడట్లేదు. ఆ కాయలు కాస్త ముందుగదిలో పోయించవా?" మా నాన్న చెడ్డవాడని నేను అనను. చెల్లెలికి గుంటూరు నుంచి బత్తాయిలు తెప్పించాడు. కానీ ఆ మాటకు నవ్వాడు. "మిరపచేలో పుట్టినదానివి, ఘాటు కొత్తా నీకు? అత్తారింటికెళ్ళి సుకుమారాలు నేర్చావే!" అన్నాడు. మా అమ్మ తలుపు చాటు నుంచి ఇంకోసారి అడిగింది. ముందుగదిలో పోస్తే వచ్చినవాళ్ళను నెత్తిన కూర్చోబెట్టుకోనా అని కసిరాడు. అక్కడితో అయిపోయింది.

మా నాయనమ్మ అడగలేదు. కొడుకును కన్నది ఆమే గనక అడిగితే ఏమవుతుందో ముందే తెలుసు. మర్నాడు నన్ను కల్లానికి తీసుకెళ్ళింది. కల్లంలో కూలి ఆడవాళ్ళు మంచి కాయ ఒకవైపు, రంగు చచ్చి తెల్లబారిన కాయ ఒకవైపు వేస్తారు. ఆ తెల్లకాయనే తాలు అంటాం. తాలుపోగు దగ్గర నన్ను కూర్చోబెట్టి, పరికిణీ ఒడి నిండా ఏరమంది. మరీ తెల్లటివి వద్దు, ఎరుపు మీద తెలుపు పాకుతున్నట్టు ఉన్నవే ఏరమంది. ఎందుకని అడిగాను. నేను అడగని రోజు లేదు లెండి. "మీ అత్త అన్నం తినటానికి" అంది.

ఆ సాయంత్రం అత్త మంచం వైపున్న రాశి అంచులో కొన్ని కలిపింది. మర్నాడు ఇంకాసిన్ని, ఇంకాస్త లోపలికి. మూడోనాడు మా నాన్నను కేకేసింది. "ఒరే అబ్బాయ్, ఇటు రా. చూలాలి వేడి ఊపిరి తగిలితే కాయ ఎరుపు చస్తదని మా పుట్టింట్లో అనేవాళ్ళు. నేను నమ్మలా. ఇది చూడు."

మా నాన్న మొదట నవ్వాడు. తర్వాత వంగాడు. రాశి అవతలి వైపు చూశాడు, అక్కడ కాయ రక్తంలా ఉంది. ఇవతల చెయ్యి పెడితే తాలు. ఆయన మొహంలో నవ్వు పోవడం నేను చూశాను. చెల్లెలి కళ్ళు లోతుకు పోయినా రాని కంగారు అది. పొద్దు గుంకక ముందే పాలేళ్ళు వచ్చారు, గోతాలు వచ్చాయి. బల్ల వసారాలోకి పోయింది, రాశి ముందుగదిలోకి పోయింది. వచ్చేపోయేవాళ్ళ ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇంకో ముచ్చట చెప్పనా? ఆ రాశి పక్కన మా నాన్న ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఘాటుకు నిద్ర పట్టట్లేదని మొదటిరోజే మంచం వసారాలో వేయించుకున్నాడు.

నడిమిల్లు కడిగి, పేడతో అలికారు. నాలుగు రోజులకు అత్త గంజి నిలుపుకుంది. తర్వాత అన్నం. వాంతులు పూర్తిగా పోలేదు గానీ, తిన్నదాంట్లో సగమైనా ఒంటబట్టేది. నెలలు నిండి ఆడపిల్లను కన్నది. బిడ్డ నెత్తిన వెంట్రుక లేదు, బోడిగుండు. జుట్టు మొలుస్తోందన్నావిడ చూడటానికి వచ్చి, ఆ గుండు ఒకసారి నిమిరి పోయింది. మా నాయనమ్మ నా వంక చూసి కన్ను గీటింది. ఎనిమిదేళ్ళ నాకు లోకాన్ని గెలిచినట్టే ఉండింది.

కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది.

మా నాన్న ఆ సంగతి రచ్చబండ మీద చెప్పాడు. మరుసటి ఏడు మిరపకోతల నాటికి అది ఊరంతటికీ శాస్త్రమై కూర్చుంది. తాలు ఏరడానికి కూలికి వచ్చే ఒకామె అప్పుడు నిండు చూలాలు. ఏటా మా కల్లంలోనే పనిచేసేది. మా నాన్న గట్టు మీదే ఆపేశాడు. "కడుపుతో ఉండి కల్లంలోకి రాబాకమ్మా, కాయ చెడిపోద్ది." ఆమె తెల్లబోయింది. "ఇదేం చోద్యమయ్యా? పోయిన కాన్పుకీ ఇక్కడే గదయ్యా ఏరింది! ఇప్పుడు కూలి లేకపోతే ఏం తినాల?" అంది. ఇంకో కల్లానికి పొమ్మన్నాడు. ఇంకో కల్లంలోనూ అదే శాస్త్రం మరి.

నేను ఊరుకోలేదు. "నాన్నా, అది అబద్ధం. ఆ తాలు నేనే ఏరాను, నాయనమ్మే కలిపింది!" అని అందరి ముందూ అరిచాను. మా నాన్న నవ్వి, నీ నోరు చూస్తే ప్లీడరయ్యేట్టున్నావే అన్నాడు. పరుగున వెళ్ళి నాయనమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆమె కూడా అదే చెప్పింది. "నిజమేరా, నేనే కలిపా. పిల్ల చచ్చేట్టుందని ఆడిన మాట అది. దాన్ని పనిలోకి రానియ్యి." మా నాన్న తల్లి వంక జాలిగా చూశాడు. "నువ్వు దాని మీద జాలిపడి అంటున్నావులేమ్మా. నా కళ్ళతో నేను చూడలా?" అన్నాడు.

ఆ కూలామె కొంగు నెత్తిన వేసుకుని ఎండలో నడిచి వెళ్ళిపోయింది. మా నాయనమ్మ ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. "అబద్ధం నమ్మినంత తొందరగా నిజం నమ్మడే వీడు" అని గొణుక్కుంది. ఆ తర్వాత నేను ఆ తాలు ఊసు ఎత్తితే లేచి పెరట్లోకి పోయేది.

చాలా ఏళ్ళకు, నేను కాలేజీ చదువు పూర్తిచేసి, పెళ్ళయ్యాక, ఎనిమిదో నెల కడుపుతో పుట్టింటికి వచ్చాను. అప్పటికి నాయనమ్మ లేదు, ఆ శాస్త్రం మాత్రం ఊళ్ళో ఇంకా ఉంది. నాకూ మా అత్తలాగే వాంతులు. అయినా ముక్కుకు కొంగు కట్టుకుని కల్లంలోకి వెళ్ళి, రాశి పక్కనే కూర్చుని పొద్దస్తమానం తాలు ఏరాను. మా నాన్న గట్టు మీద నిలబడి అరిచాడు, బతిమాలాడు, చివరికి ఊరుకున్నాడు. సాయంత్రం వాంతి చేసుకుంటూనే ఇంటికి చేరాను. వారం తర్వాత ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి రాశి చూపించాను. ఒక్క కాయా రంగు మారలేదు. ఆయన చాలాసేపు తిరగేసి చూశాడు.

"చదువుకున్నవాళ్ళ ఊపిరి వేరేమోనమ్మా" అన్నాడు.

నన్ను అందరూ వాదులాడేదని అంటారు. ఆడతాను. ఒక ఆడమనిషికి ఒంట్లో బాగాలేదని వింటే, ఆమె ఎక్కడ పడుకుంటోందని ముందు అడుగుతాను. ఆ చోటు బాగాలేకపోతే మార్చమంటాను. ఎందుకని అడుగుతారు. ఆ క్షణంలో నాయనమ్మలాగా ఒక చక్కని అబద్ధం నా నాలిక చివరిదాకా వస్తుంది, అది చెబితే పని చిటికెలో అవుతుందనీ తెలుసు. అప్పుడే కొంగు నెత్తిన వేసుకుని గట్టు దిగి వెళ్ళిన ఆమె వీపు కనిపిస్తుంది. "ఆ మంచం మీది మనిషికి బాధగా ఉంది గనక" అంటాను. పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే చెబుతాను. చాలాసార్లు మంచం కదలదు. నేను మళ్ళీ అడుగుతాను.