శబ్దం రాని పాఠం

లాక్‌డౌన్ తర్వాత బళ్ళు పూర్తిగా తెరుచుకున్న రెండేళ్ళకు, జూన్ నెలలో, బోయిగూడలో మా చర్చి కమిటీ నడిపే ఎయిడెడ్ హైస్కూలుకు నన్ను ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. ఎయిడెడ్ అంటే జీతాలు ప్రభుత్వానివి, పెత్తనం కమిటీది. కమిటీ తరఫున ఆ పెత్తనం చేసే పెద్దమనిషిని కరస్పాండెంట్ అంటారు. నాకు రిటైర్మెంట్ దగ్గర పడింది. అల్వాల్ నుంచి రోజూ బస్సులో వచ్చి, ఉన్న కాస్త సర్వీసు ఎవరితోనూ మాట పడకుండా ముగించుకుందామనుకున్నాను. మొదటి వారంలోనే లాప్‌టాప్‌లు ఎదురొచ్చాయి.

పూర్వ విద్యార్థులు కొందరు కలిసి టీచర్లందరికీ తలా ఒకటి కొనిచ్చారు. పెద్ద తరగతుల గదుల్లో నల్లబోర్డు పక్కన ఒక తెర, ప్రొజెక్టరు, రెండు చిన్న స్పీకర్లు కూడా బిగించారు. మా తెలుగు పండితుడు తన లాప్‌టాప్ మీద ఇంటి నుంచి తెచ్చిన కుట్టుపూల గుడ్డ కప్పి, రోజూ దుమ్ము దులిపేవాడు. తెరవడం మాత్రం నేను చూడలేదు. హిందీ మేడమ్ దాన్ని అలమారలో పెట్టి తాళం వేసి, "పోతే నా మీదికొస్తది, మీ దగ్గర్నే ఉండనీయండి" అని తాళంచెవి నాకే అప్పగించింది. సోషల్ చెప్పే ప్రశాంత్ ఒక్కడే రోజూ వాడేవాడు. వీడియో పెట్టి తను కుర్చీలో కూర్చుని నోట్సులు దిద్దుకునేవాడు. కరస్పాండెంట్ గారి దృష్టిలో మా బడి మొత్తానికి ఆధునిక ఉపాధ్యాయుడు అతనే.

కరస్పాండెంట్ గారు ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాట మెత్తన, పట్టుదల గట్టిది. ఆగస్టులో స్టాఫ్ మీటింగు పెట్టి ఒక నిర్ణయం చెప్పారు. దసరా సెలవుల తర్వాత తానే స్వయంగా వచ్చి పదో తరగతి చెప్పేవాళ్ళ క్లాసులు అబ్జర్వ్ చేస్తారు. అంటే వెనక బెంచీలో కూర్చుని పిరియడ్ మొత్తం చూసి, మంచిచెడ్డలు రాస్తారు. లాప్‌టాప్‌తో పాఠం చెప్పలేనివారి దగ్గర్నుంచి పదో తరగతి తీసేసి కింది తరగతులిస్తారు. బయటివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. హైస్కూల్లో పదో తరగతి చెప్పడమే టీచరు పరువు. దాన్ని మధ్యలో తీసేస్తే స్టాఫ్ రూములో తలెత్తుకోవడం కష్టం.

ఆ మాట అందరికంటే ఎక్కువ తగిలింది భౌతికశాస్త్రం చెప్పే షమీమ్‌కు. సొంతూరు జనగామ వైపు. సీతాఫల్‌మండిలో కాపురం, భర్తకు టైలరింగ్ షాపు. ఆ పదో తరగతి తెలుగు మీడియం పిల్లలు ఆరో తరగతి నుంచీ ఆమె చేతిలో పెరిగినవాళ్ళు. ఏ పిల్ల ఏ లెక్క దగ్గర తడబడుతుందో ఆమెకు తెలుసు. మీటింగు అయ్యాక నా గదికి వచ్చి నిలబడింది. లాప్‌టాప్ నేర్చుకోవడానికి భయమెందుకని అడిగాను, కాస్త విసుగ్గానే.

"రాదని కాదు మేడమ్. అది తెరిస్తె నాకు గా రోజే యాదికొస్తది," అంది.

లాక్‌డౌన్‌లో ఇదే పిల్లలు ఏడో తరగతి. షమీమ్ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేది. పిల్లలెవరి ముఖమూ కనిపించేది కాదు, నల్లటి గడుల్లో పేర్లు మాత్రమే. ఒకరోజు పిరియడ్ మొత్తం కాంతి పరావర్తనం గురించి చెప్పి, చివర్లో అర్థమైందా అని అడిగితే జవాబు రాలేదు. అప్పుడు చూసుకుంది, తన మైకు మొదటి నుంచీ మ్యూట్‌లో ఉంది. పిల్లలంతా చివరిదాకా లైన్లోనే ఉన్నారు.

"ఒక్కరు సుత చెప్పలే మేడమ్. క్లాసుల నా చేతికెల్లి చాక్‌పీస్ కింద పడ్డా చెప్తరు. గా రోజు నేను ఉన్ననో లేనో ఎవ్వరికి పరవా లేకపాయె," అని కళ్ళు తుడుచుకుంది. ఆమె బాధ చూసి నాకూ బాధేసింది. కానీ నిర్ణయం నాది కాదు. నేర్చుకో, నేను తోడుంటాను అని మాత్రం చెప్పాను.

నేర్చుకుంది. ప్రశాంత్ దగ్గర కూర్చుని కుంభాకార కటకం పాఠానికి ఒక వీడియో ఎంచుకుంది. అందులో వస్తువు కటకానికి ఒక్కో దూరంలో కనిపిస్తుంది, ప్రతిబింబం ఎలా ఉంటుందని ఒక గొంతు అడుగుతుంది, పిల్లలు జవాబు చెప్పడానికి వీడియో కాసేపు ఆగుతుంది. ఆ తర్వాత మా వృత్తిలో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. ఇన్‌స్పెక్షన్ పాఠాన్ని ముందే అదే తరగతిలో చెప్పి, ఎవరు ఎప్పుడు చెయ్యెత్తాలో, ఏ ప్రశ్నకు ఏ జవాబో అలవాటు చేయించడం మాకు తరతరాల ఆనవాయితీ. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు అడగనిదే నోరు విప్పొద్దని కూడా చెబుతాం. నేను చూసిన ప్రతి బడిలోనూ ఇదే తంతు. చూసేవారికీ లోపల తెలుసనే అనుకునేదాన్ని.

దసరా అయ్యాక కరస్పాండెంట్ గారు వచ్చారు. ఇద్దరం చివరి బెంచీలో కూర్చున్నాం. ఆయనకు ఎడమ చెవికి వినికిడి మిషన్ ఉంటుంది. షమీమ్ ఇస్త్రీ చీరలో, బిగుసుకుపోయి నిలబడింది. వీడియో మొదలైంది. తెర మీద కొవ్వొత్తి బొమ్మ కనిపించింది, బాణాలు కదిలాయి, ఆగాయి. శబ్దం లేదు.

తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది: "తలకిందులు! నిజ ప్రతిబింబం! చిన్నది!"

నేను ఉలిక్కిపడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. కొవ్వొత్తి కాస్త ముందుకు జరిగింది. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ "తలకిందులు! నిజ ప్రతిబింబం! వస్తువంతే!" కరస్పాండెంట్ గారు చెవి మిషన్ తీసి, ఊది, మళ్ళీ పెట్టుకున్నారు. దాన్ని వేలితో తట్టారు. పాపం, లోపం తన చెవిదే అనుకుంటున్నారు. నాకు నవ్వు పొంగుకొచ్చింది, దాని వెనకే భయం కూడా. మొదటి ప్రశ్నకే శబ్దం రాలేదని షమీమ్‌కు తెలిసిందట. స్పీకరు స్విచ్ వెయ్యడం మర్చిపోయింది. పెద్దాయన ముందు ఆపి వెతుక్కుంటే తనకు వాడటం రాదంటారేమో అని, పిల్లలు ఎలాగూ చెబుతున్నారని సాగనిచ్చింది. ఇంకో మూడు బొమ్మలు గడిస్తే గండం గట్టెక్కేది. పదో తరగతి ఆమెకే ఉండిపోయేది.

మధ్య వరసలో కీర్తన అనే పిల్ల లేచి నిలబడింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. పక్కపిల్ల చెయ్యి పట్టి లాగుతోంది కూచోమని.

"మేడమ్, సౌండ్ వస్తలేదు," అంది. పక్కపిల్ల చెయ్యి విడిపించుకుంది. "గప్పుడు ఫోన్ల సుత వస్తలేకుండె మేడమ్. మేం ఎవ్వరం చెప్పలే."

 షమీమ్ వెళ్ళి స్పీకరు స్విచ్ వేసి, కరస్పాండెంట్ గారి వైపు తిరిగింది. "సార్, ఈ పాఠం నేను వీళ్ళకు ముందే చెప్పి పెట్టిన. అందుకే ఇనబడకున్నా జవాబులు చెప్తున్నరు. మీరు జెర కూసోండి, ఇప్పుడు చెప్త," అంది.

అధికారి ముందు టీచరు ఆ మాట అనడం నా సర్వీసులో అంతకుముందు వినలేదు. బొమ్మను తెర మీద అలాగే ఆపేసి, కటకంలో సగం మీద నల్లకాగితం అంటిస్తే ప్రతిబింబం ఏమవుతుందని పిల్లల్ని అడిగింది. అది వీడియోలో లేదు, వాళ్ళకు అలవాటు చేయించలేదు. సగమే కనబడుతుందని సగం మంది, అసలు కనబడదని కొందరు. ఎందుకు, ఎట్లా అని ఒక్కొక్కరినీ తెర దగ్గరికి పిలిచి గీతలు వేలితో చూపించమంది. లాబు నుంచి కటకం తెప్పించి, కిటికీ ప్రతిబింబాన్ని తెల్లకాగితం మీద పట్టించింది. సగం మూస్తే బొమ్మ పూర్తిగానే ఉంది, వెలుతురు తగ్గిందంతే. గంట కొట్టినా పిల్లలు లేవలేదు.

ఆఫీసు గదిలో కరస్పాండెంట్ గారు టీ కప్పు పక్కకు జరిపారు. "నా మిషన్ పోయిందనుకున్నానమ్మా. ఆ పిల్ల లేవకపోతే వెరీ గుడ్ అని రాసేసి వెళ్ళిపోయేవాణ్ణి," అన్నారు. ఇన్నాళ్ళుగా తాను మెచ్చుకున్న పాఠాల్లో ఇలాంటివి ఎన్ని ఉంటాయని అడిగారు. చాలావరకు ఇవేనండీ అని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది, కానీ కోపగించుకోలేదు. పదో తరగతి షమీమ్‌కే ఉంచమన్నారు. ఇకమీదట ముందు చెప్పి రాకండి, వచ్చినప్పుడు లాప్‌టాప్ వాడారా లేదా అని మాత్రమే చూడకండి అని నేను కోరాను. సరేనన్నారు.

టీచర్లు లాప్‌టాప్‌ను ఎందుకు దూరం పెడతారని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. బద్ధకమనో, వయసనో అనుకుంటారు. నేను చూసినంతలో టీచరు భయం పిల్లల ముందు ఏం చేయాలో తెలియక నిలబడవలసి వస్తుందని. మాకు ఇచ్చిన శిక్షణలన్నీ ఎక్కడ నొక్కాలో నేర్పాయి, ఆగిపోతే తరగతికి ఏం చెప్పాలో నేర్పలేదు. ఆ తర్వాత మా బడిలో శిక్షణ పెట్టినప్పుడు మొదట యంత్రాన్ని ఆపేసి, "నాకు రావట్లేదు, మీకెవరికైనా తెలుసా" అని టీచర్ల చేత అనిపించాం. హిందీ మేడమ్ వారం తిరక్కుండా తాళంచెవి తీసుకెళ్ళింది.

షమీమ్ ఇప్పుడూ అక్కడే పనిచేస్తోంది. వీడియో పెట్టిన ప్రతిసారీ ముందుగా "ఇనబడుతుందా?" అని అడుగుతుంది. నేను రిటైరయ్యే ముందు చివరిసారి ఆమె క్లాసులో కూర్చున్నప్పుడు కూడా అడిగింది. నేనూ, పెద్దాయనా వెనక బెంచీలోనే ఉన్నాం. పిల్లలు ఒక్క క్షణం ఆగి విన్నారు. లేదు మేడమ్ అన్నారు.